పీటర్ తంగరాజ్ ఏ ఊరి గోల్‌కీపర్?

ఫుట్‌బాల్ మ్యాచ్ స్కోరుకార్డు ఎప్పుడైనా చూడండి. ఎవరు గోల్ కొట్టారు, ఏ నిమిషంలో కొట్టారు అన్నది ఉంటుంది. పడబోయి ఆగిపోయిన గోల్స్‌కి అందులో గడి ఉండదు. కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల గట్ల మీద పాక వేసుకుని రాత్రంతా కాపలా కాసే మనుషులుంటారు. చేపలు పోయిన తెల్లారి వాళ్ల పేరు ఊళ్లో మోగిపోతుంది. ఏమీ పోని రాత్రుల గురించి ఎవరూ మాట్లాడుకోరు. గోల్‌కీపర్ బతుకూ దాదాపు అలాంటిదే.

ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు పెరిగినవాళ్లకి ఫుట్‌బాల్ అంటే ఎక్కువగా టీవీలోనో ఫోన్లోనో చూసే ఆట. ఐరోపా క్లబ్బుల జెర్సీలు వేసుకున్న కుర్రాళ్లు ఇప్పుడు ద్వారకా తిరుమల కొండ మీద కూడా కనిపిస్తారు. వాళ్లని అడిగితే నాలుగు దేశాల గోల్‌కీపర్ల పేర్లు గుక్క తిప్పుకోకుండా చెబుతారు. మన గడ్డ మీద పుట్టిన గోల్‌కీపర్ పేరు ఒక్కటి చెప్పమంటే మాత్రం చాలామంది తడుముకుంటారు. వాళ్ల తప్పేం లేదు, ఎవరూ చెప్పలేదు కాబట్టి తెలీదు. 1958లో ఆసియా ఖండంలోనే ఉత్తమ గోల్‌కీపర్‌గా ఎన్నికైన మనిషి హైదరాబాద్‌లో పుట్టాడు. పేరు పీటర్ తంగరాజ్.

అతని గురించి రాసిన కొద్దిపాటి రాతల్లో పతకాల జాబితా ఉంటుంది. ఆ జాబితా అవసరమే. కానీ తంగరాజ్ కథ అర్థం కావాలంటే ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి. ఇరవయ్యేళ్ల పాటు అతనికి జీతం ఎవరిచ్చారు?

*

తంగరాజ్ పుట్టింది 1935 డిసెంబర్ 24న, అప్పటి నిజాం రాజ్యంలో. ఆట నేర్చుకున్నది సికింద్రాబాద్‌లో. సికింద్రాబాద్ అసలు ఏర్పడిందే సైన్యం కోసం. 1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న ఈ కంటోన్మెంటులో తెల్లదొరల పటాలాలు ఉండేవి. ఆ పటాలాలతో పాటు హాకీ, ఫుట్‌బాల్ వచ్చాయి. దొరల ఆటని గోడవతల నుంచి చూసిన పిల్లలు బొల్లారం, అమ్ముగూడ, లాలాగూడ మైదానాల్లో తమ ఆట తాము మొదలుపెట్టారు. తెలుగు, తమిళం, ఉర్దూ, ఇంగ్లీషు కలగలిసిన బస్తీలవి. తంగరాజ్ కంటే ఏడాది తర్వాత, 1936లో అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం కూడా ఆ మట్టిలోంచే వచ్చి భారత జట్టులో గొప్ప ఫార్వర్డ్ అయ్యాడు.

తంగరాజ్ మొదట మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ అనే స్థానిక క్లబ్బుల్లో ఆడాడు. 1953లో సైన్యంలో చేరాడు. నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉండే మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌కి అతన్ని పంపారు. అక్కడ చేరినప్పుడు అతను గోల్‌కీపర్ కాదు, సెంటర్ ఫార్వర్డ్. అంటే గోల్ కొట్టడం అతని పని. ఆరడుగులు దాటిన ఆ మనిషిని తర్వాత గోల్‌లో నిలబెట్టారు. ఈ మార్పు చిన్నది కాదు. గోల్ కొట్టే చోటు ఎక్కడ వెతుక్కుంటారో తెలిసినవాడు గోల్ కాయడానికి వచ్చాడు. ఆ తర్వాత మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ 1955లో, 1958లో డ్యూరాండ్ కప్ గెలిచింది. 1888లో మొదలైన డ్యూరాండ్ మన దేశంలో అన్నిటికంటే పాత ఫుట్‌బాల్ పోటీ. ఒక శిక్షణ కేంద్రం జట్టు దాన్ని నాలుగేళ్లలో రెండుసార్లు తీసుకెళ్లింది.

ఇక్కడే జీతం సంగతి వస్తుంది. ఆ రోజుల్లో భారత ఫుట్‌బాల్‌లో ‘ప్రొఫెషనల్’ అన్న మాటకి చోటు లేదు. అందరూ కాగితం మీద అమెచూర్లే, అంటే సరదాకి ఆడేవాళ్లు. మరి పొద్దున్నే లేచి రెండు పూటలా సాధన చేస్తూ, ఏడాదిలో సగం రోజులు రైళ్లలో తిరుగుతూ సరదాకి ఆడేవాడి ఇల్లెలా గడుస్తుంది? దానికి మన దేశం కనిపెట్టిన దారి ఉద్యోగం. పోలీసు, సైన్యం, రైల్వే, కస్టమ్స్, ఉక్కు ఫ్యాక్టరీ. రిజిస్టర్లో కానిస్టేబులో సిపాయో గుమస్తానో అని ఉంటుంది. నిజానికి అతని పని ఆడటమే.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఈ పద్ధతికి పెద్ద ఉదాహరణ. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచిన జట్టది. దాన్ని తయారుచేసింది సయ్యద్ అబ్దుల్ రహీం. అంతకుముందు బడిలో పాఠాలు చెప్పినాయన కావడంతో, ఆటనీ పాఠం చెప్పినట్టే చెప్పేవారు. తర్వాత భారత జట్టు కోచ్‌గా తంగరాజ్‌ని గోల్‌లో నిలబెట్టింది కూడా ఈ రహీం సాబే. ఒకే నగరపు మనుషులైన ఈ ఇద్దరూ ఎదిగినవి రెండు వేర్వేరు సర్కారీ కొలువుల్లో. ఒకరిది పోలీసు, ఇంకొకరిది పటాలం.

ఇది ఒక్క ఇండియా కిటుకే అనుకోకండి. ఒలింపిక్స్‌లో అప్పుడు అమెచూర్లకే ప్రవేశం. హంగరీ, యుగోస్లావియా లాంటి దేశాలు తమ మేటి ఆటగాళ్లకి సైన్యంలోనో మంత్రిత్వ శాఖల్లోనో ఉద్యోగాలు చూపించి అమెచూర్లుగా పంపేవి. 1952 హెల్సింకిలో మన జట్టుకి 10–1 తేడాతో చుక్కలు చూపించిన యుగోస్లావియా అలాంటిదే. ఆ రోజు మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు. పది గోల్స్ తిన్న జట్టు దేశానికి తిరిగొచ్చాక, బూట్లు వేసుకోవాల్సిందే అన్న పట్టుదల గట్టిపడింది. మరుసటి ఏడాదే తంగరాజ్ సైన్యంలో చేరాడు. ఆ రెండు సంగతుల మధ్య సంబంధమేమీ లేదు. కాకపోతే ఆ పదో అంకె బరువు మోయాల్సింది తర్వాత వచ్చే గోల్‌కీపర్లే.

*

నాలుగేళ్లకి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో కథ మారింది. ఆస్ట్రేలియా మీద 4–2తో గెలిచి, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశంగా ఇండియా నిలిచింది. సెమీస్‌లో మళ్లీ అదే యుగోస్లావియా. ఈసారి 4–1. ఓటమే, కానీ పదికి నాలుగుకి ఉన్న దూరం ఆటగాళ్లకి తెలుసు. చివరికి జట్టుకి దక్కింది నాలుగో స్థానం. ఆ జట్టుతో వెళ్లిన ఇద్దరు గోల్‌కీపర్లలో తంగరాజ్ ఒకడు, బొంబాయి తరఫున ఆడే ఎస్.ఎస్. నారాయణ్ ఇంకొకడు. అప్పటికి తంగరాజ్‌కి ఇంకా ఇరవై ఒకటి నిండలేదు.

1960 రోమ్‌లో ఇండియా పడ్డ గ్రూపు చాలా గట్టిది: హంగరీ, ఫ్రాన్స్, పెరూ. హంగరీతో 2–1తో ఓడాం. ఆ హంగరీ జట్టులో ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఉన్నాడు, చివరికి ఆ జట్టు కాంస్యం కూడా గెలుచుకుంది. ఫ్రాన్స్‌తో 1–1, పెరూతో 1–3. పాయింట్ల పట్టికలో చూస్తే అట్టడుగు. ఎనిమిదేళ్ల కిందటి పది గోల్స్ పక్కన పెట్టి చూస్తే, హంగరీ మేటి ఫార్వర్డ్‌లని రెండు గోల్స్ దగ్గర ఆపడం వేరే సంగతి. స్కోరుకార్డు ఈ తేడాని చెప్పదని మొదట్లో అన్నది ఇందుకే.

ఆ కాలపు గోల్‌కీపర్ పని ఎలాంటిదో ఇప్పటి ఆట చూసేవాళ్లకి కాస్త చెప్పాలి. చేతులకి ఇప్పట్లా మెత్తటి రబ్బరు గ్లవ్స్ లేవు. మామూలు రోజుల్లో ఉత్త చేతులు, వాన పడితే ఉన్ని గ్లవ్స్. బంతి తోలుది. నీళ్లు పీల్చి బరువెక్కేది. కలకత్తా లీగ్ నడిచేదే వానాకాలంలో. బురదలో తడిసి ఇటుకలా తయారైన బంతిని ఛాతీకి హత్తుకోవడం గోల్‌కీపర్ దినచర్య. పైగా బంతి చేతిలో ఉన్న గోల్‌కీపర్‌ని భుజంతో గుద్దడం అప్పటి నిబంధనల ప్రకారం తప్పు కాదు. తంగరాజ్ ఆసియా ఉత్తముడైన 1958లోనే ఇంగ్లండ్ ఎఫ్.ఏ. కప్ ఫైనల్లో బోల్టన్ ఆటగాడు నాట్ లాఫ్ట్‌హౌస్, బంతి అందుకున్న మాంచెస్టర్ యునైటెడ్ గోల్‌కీపర్ హారీ గ్రెగ్‌ని భుజంతో గుద్ది వల్లోకి నెట్టాడు. రెఫరీ గోల్ ఇచ్చాడు. అలాంటి కాలంలో గోల్‌కీపర్‌కి ఎత్తూ, బరువూ, గట్టి గుండే కావాలి. తంగరాజ్‌కి మూడూ ఉన్నాయి.

వీటితో పాటు చెయ్యి కూడా. అతను బంతిని చేత్తోనే చాలా దూరం విసరగలిగేవాడని అతని ఆట చూసినవాళ్లందరూ చెబుతారు. రహీం సాబ్ జట్టుకి ఇది బాగా పనికొచ్చింది. బ్రెజిల్ 1958 ప్రపంచ కప్ గెలిచాక లోకమంతటికీ తెలిసిన 4–2–4 పద్ధతిని మన జట్టుకి అలవాటు చేసింది ఆయనే. రెండు రెక్కల మీదా వేగంగా పరిగెత్తేవాళ్లున్న జట్టుకి, గోల్‌కీపర్ చేతిలోంచి మొదటి పాస్ వెళ్తే ఎదుటివాళ్లు సర్దుకునే లోపే దాడి మొదలవుతుంది. గోల్‌కీపర్‌ని దాడికి మొదటి మనిషిగా చూడటం ఇప్పుడు ఫ్యాషన్. ఆ ఆలోచన మన జట్టులో అరవయ్యేళ్ల కిందటే ఆచరణలో ఉంది.

*

అన్నిటికంటే ముఖ్యమైన రోజు 1962 సెప్టెంబర్ 4. జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్, ఎదురుగా దక్షిణ కొరియా. గ్రూపు మ్యాచ్‌లో ఇదే కొరియా మనల్ని 2–0తో ఓడించింది. తర్వాత థాయ్‌లాండ్‌ని 4–1తో, జపాన్‌ని 2–0తో, సెమీస్‌లో దక్షిణ వియత్నాంని 3–2తో దాటుకుని ఫైనల్‌కి వచ్చాం. మధ్యలో తంగరాజ్ జ్వరంతో మంచమెక్కాడు. గోల్‌లో బెంగాల్ కుర్రాడు ప్రద్యుత్ బర్మన్ నిలబడ్డాడు, బాగానే ఆడాడు. ఫైనల్‌కి ఎవర్ని దింపాలి? గెలిపించిన కుర్రాడినా, అప్పుడే జ్వరం నుంచి లేచిన పెద్దవాడినా? రహీం సాబ్ తంగరాజ్‌ని ఎంచుకున్నారు. గాల్లో వచ్చే బంతుల్ని అందుకోవడానికి ఆ ఎత్తు కావాలన్నది ఆయన లెక్క.

మైదానంలో వాతావరణం మరీ దారుణం. ఇజ్రాయెల్, తైవాన్ జట్లని ఇండోనేషియా రానివ్వకపోవడాన్ని భారత క్రీడాధికారి జి.డి. సోంధీ తప్పుపట్టారు. దాంతో జకార్తాలో ఇండియా మీద కోపం రగిలింది. మన రాయబార కార్యాలయం మీదికి గుంపులు వెళ్లాయి. ఫైనల్ రోజు కిక్కిరిసిన స్టేడియమంతా మన జట్టుని ఎగతాళి చేస్తూనే ఉంది. రహీం సాబ్‌కి అప్పటికే క్యాన్సర్ ముదిరింది. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వెనక ఆడలేడు కాబట్టి అతన్ని ముందుకి, సెంటర్ ఫార్వర్డ్‌గా పంపారు.

మొదటి ఇరవై నిమిషాల్లోనే రెండు గోల్స్. ఒకటి పి.కె. బెనర్జీది, రెండోది కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ది. ఆ తర్వాత గంటకి పైగా కాపాడుకోవడమే పని. ఐదు నిమిషాలుందనగా కొరియా ఒకటి కొట్టింది. చివరి ఐదు నిమిషాలు ఎలా గడిచాయో ఊహించుకోవచ్చు. అరుస్తున్న జనం, మీదికి వస్తున్న ఎదుటి జట్టు, జ్వరం నుంచి లేచిన గోల్‌కీపర్. 2–1 అలాగే నిలబడింది. బంగారు పతకం మనది.

ఆ తర్వాత ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో ఇండియాకి మళ్లీ బంగారం రాలేదు. రహీం సాబ్ 1963 జూన్ 11న చనిపోయారు. ఆ జట్టు మీద 2024లో ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చాక చాలామంది కొత్తతరం వాళ్లు ఈ పేర్లు మొదటిసారి విన్నారు.

*

సైన్యం వదిలాక తంగరాజ్ కలకత్తా వెళ్లాడు. 1960ల మొదట్లో మహమ్మదన్ స్పోర్టింగ్, తర్వాత మోహన్ బగాన్, ఆ దశకం మధ్య నుంచి ఈస్ట్ బెంగాల్. కలకత్తా ఫుట్‌బాల్ తెలిసినవాళ్లకి ఈ వరస వింటేనే కళ్లు తిరుగుతాయి. ఒకరి పేరు చెబితే ఒకరికి పడని మూడు క్లబ్బులు, వాటి వెనక మూడు అభిమాన లోకాలు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్ ఉన్న రోజు ఇళ్లలో వండే చేప కూడా మారుతుందంటారు. అలాంటి చోట తంగరాజ్ మూడు గోల్‌పోస్టుల మధ్యా నిలబడ్డాడు, మూడు గుంపుల చేతా చప్పట్లు కొట్టించుకున్నాడు. 1967లో అర్జున అవార్డు వచ్చింది.

దీన్ని ‘ద్రోహం’ అనొచ్చా? ఇక్కడ ఒక గ్రీకు గోల్‌కీపర్‌ని పక్కన నిలబెట్టి చూద్దాం. ఆంటోనిస్ నికోపొలిడిస్ 1989 నుంచి 2004 వరకు ఏథెన్స్ క్లబ్ పనథినైకోస్‌కి ఆడాడు. 2004లో ఒప్పందం పొడిగింపు కుదరలేదు. ఆ ఎండాకాలమే పోర్చుగల్‌లో యూరో కప్. అప్పటిదాకా పెద్ద టోర్నీల్లో ఒక్క మ్యాచ్ కూడా గెలవని గ్రీస్, నాకౌట్‌లో ఫ్రాన్స్‌ని, చెక్ జట్టుని, ఫైనల్లో పోర్చుగల్‌ని ఒక్కొక్క గోల్‌తో ఓడించి కప్ ఎత్తుకెళ్లింది. మూడు మ్యాచుల్లోనూ నికోపొలిడిస్ ఒక్క గోల్ కూడా తినలేదు. ఆ తర్వాత అతను చేరింది పనథినైకోస్ బద్ధశత్రువు ఒలింపియాకోస్‌లో. అభిమానులు మండిపడ్డారు. కానీ అది ఉద్యోగం మారడం అని అందరికీ తెలుసు. గ్రీస్ లీగ్ 1979 నుంచే ప్రొఫెషనల్. రాతకోతలున్నాయి, గడువుంది, జీతముంది. 2011లో నలభయ్యేళ్ల వయసులో అతను ఆట మానేసేదాకా, చేసిన పని పేరూ తీసుకున్న జీతం పేరూ ఒకటే: గోల్‌కీపర్.

తంగరాజ్ చేసిన పనీ అదే. పనిని ఆ పేరుతో పిలిచే కాగితం మాత్రం అతని కాలంలో ఈ దేశంలో లేదు. అందుకే నికోపొలిడిస్ కెరీర్‌ని ఒక్క గీతలా గీయొచ్చు, తంగరాజ్‌ది ముక్కలుగా చెప్పాలి. ఆట మానేశాక కూడా అంతే. శిక్షకుడిగా కొన్నాళ్లు తిరిగి, చివరికి బొకారో ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లో స్థిరపడ్డాడు. అక్కడి పిల్లలకి ఆట నేర్పాడు. 2008 నవంబర్ 24న అక్కడే చనిపోయాడు. సికింద్రాబాద్‌లో ఆట నేర్చుకుని, వెల్లింగ్టన్‌లో కుదురుకుని, కలకత్తాలో వెలిగి, బొకారోలో కన్నుమూశాడు. జీతం ఎటు పిలిస్తే జీవితం అటు వెళ్లింది. ఇందులో వింతేముంది? గోదావరి జిల్లాల నుంచి హైదరాబాద్‌కీ, అక్కడి నుంచి డాలస్‌కీ వెళ్లిన మన ఇళ్లలో పిల్లల దారీ ఇదే కదా.

వింత వేరే చోట ఉంది. 1950లలో హైదరాబాద్ 1956–57, 1957–58 సంతోష్ ట్రోఫీలు గెలిచింది. ఆంధ్రప్రదేశ్ 1965–66లో గెలిచింది. ఆ తర్వాత ఆ ట్రోఫీ మళ్లీ తెలుగునేలకి రాలేదు. ఆటగాళ్లని కన్న నగరం వాళ్లని పోషించే ఏర్పాటుని మొత్తం ఒక పోలీసు జట్టు మీద, ఒక మనిషి మీద వదిలేసింది. ఆ మనిషి పోయాడు, జట్టు వాడిపోయింది. కలకత్తాలో క్లబ్బు ఉంది, టికెట్ కొనే జనం ఉన్నారు, మ్యాచ్ గురించి మర్నాడు రాసే పత్రికలున్నాయి. అందుకే అక్కడ తంగరాజ్ పేరు నిలిచింది. మన దగ్గర అప్పట్లో ఉద్యోగం మాత్రమే ఉండేది.

ఈ మధ్య ఇంకోసారి అదే జరిగింది. 2022 మార్చి 20న గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్. హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్ మ్యాచ్ 1–1తో సమమై పెనాల్టీల దాకా వెళ్లింది. హైదరాబాద్ గోల్‌కీపర్, గోవాకి చెందిన లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు కిక్‌లు ఆపాడు. కప్ హైదరాబాద్‌ది. గచ్చిబౌలి స్టేడియంలో పసుపు జెండాలు ఊపిన కుర్రాళ్లకి ఒక గోల్‌కీపర్ హీరోగా దొరికాడు. మూడేళ్లు తిరక్కుండానే అప్పుల్లో, యజమానుల మార్పుల్లో చిక్కుకున్న ఆ క్లబ్ 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది.

ఈసారి అన్ని కాగితాలూ ఉన్నాయి. ఆట ప్రొఫెషనల్, ఒప్పందాలు పక్కా, జీతాలు కోట్లలో. ఆటగాడు ఊరు వదలక్కర్లేదు, ఏకంగా క్లబ్బే ఊరు వదిలింది. అరవయ్యేళ్ల కిందట సర్కారీ రిజిస్టర్ మీద నడిచిన ఆటకీ, ఇప్పుడు కంపెనీ బ్యాలెన్స్ షీట్ మీద నడిచే ఆటకీ మన ఊళ్ల వరకు ఫలితం ఒకటే. ఎందుకంటే రెండింటిలోనూ జట్టు ఊరిది కాదు.

పీటర్ తంగరాజ్ ఏ ఊరి గోల్‌కీపర్ అని అడిగితే వెల్లింగ్టన్ తమవాడంటుంది, కలకత్తాలో మూడు క్లబ్బులు తమవాడంటాయి, బొకారో తమ సారు అంటుంది. అందరూ నిజమే చెబుతారు, అందరూ అతనికి జీతమిచ్చారు. సికింద్రాబాద్ ఇచ్చింది ఒక మైదానం, రెండు చిన్న క్లబ్బులు, పద్ధెనిమిదేళ్ల బాల్యం. తక్కువేం కాదు. ఆ మైదానాల్లో ఇవాళ ఎన్ని ఖాళీగా మిగిలాయి, వాటిలో సాయంత్రం పూట గోల్‌లో ఎవరు నిలబడుతున్నారు అన్నది వెళ్లి చూడాల్సిన సంగతి. తర్వాతి తంగరాజ్ లెక్క అక్కడి నుంచే మొదలుపెట్టాలి.